నీళ్ల డబ్బా

హసన్‌పర్తి దాటినంక
పట్టాలు మంచుల తడిసి పండుకున్న యాళ్ల
నేను నీళ్ల డబ్బా మోస్తున్న.
ముందు తబస్సుమ్ మేడం,
ఆమె చేతుల్ల తోపుడు బండి,
బండి మీద చిన్న తెర,
తెర మీద వణికే పచ్చగీత.

ముప్పయ్యొక్కేండ్ల నౌకరి నాది.
మా మేస్త్రి ఎంకటనర్సు కాలంల
సుత్తెతోటి పట్టాను కొట్టి చెవి ఒగ్గేటోళ్లం.
మంచి పట్టా కంచు లెక్క మోగేది,
లోపల చీలింది పాతకుండ లెక్క బొక్కుమనేది.
ఇప్పుడు సుత్తె లేదు.
చెవి కూడ లేదనుకో,
ఇంజన్లు తాగినయి దాన్ని
గూడ్సు ఎనుక గూడ్సు, గుటక ఎనుక గుటక.

ఎంజీఎంల డాక్టరు
నా చెవులకు డబ్బాలు తగిలిచ్చి
సన్నటి కూతలు పెట్టి అడిగిండు,
ఇనవడుతుందా?
నేను కిటికీల పిచ్చుకను చూస్తున్న.
దాని నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

చెప్తే మేడం నవ్వలే.
"కాకా, ఈ బండి చేసే చప్పుడు నాకూ ఇనవడదు.
సెకన్‌కు ఇరవై వేల ఊపులు దాటితే
మనిషన్నోనికి ఎవ్వనికీ ఇనవడదు.
ఇది ఇరవై లక్షలు."
ఆ ఒక్క మాటకు
కలెక్టరూ నేనూ
ఒక్క బెంచి మీద కూసున్నట్టయింది.

బండి కడుపుల ఒక బిళ్ల ఉంటదట.
కరెంటు తాకితే ఒణుకుతదట.
ఆ ఒణుకు చప్పుడై ఇనుములకు దిగి
సెకన్‌కు ఆరు కిలోమీటర్ల ఉరుకుడు ఉరికి
కింది అంచును ముట్టి మళ్ల ఎనక్కొస్తదట.
అరిచే నోరూ ఆ బిళ్లే,
ఇనే చెవీ ఆ బిళ్లే.

మరి నీళ్లెందుకు మేడం?
"ఎంటిక మందం గాలి అడ్డమున్నా
చప్పుడు గడప కాడనే మల్లిపోతది."
హన్మకొండల నా కిడ్నీల రాయి చూసిననాడు
పొట్ట మీద సల్లటి జిగురు ఎందుకు రాసిన్రో
పట్టాల మీద నిలవడి ఎరుకైంది.

చిన్న వంతెన కాడ ఆగినం.
ఇటుకల సందుల్లకు గబ్బిలాలు మల్లుతున్నయి.
అవి ఇప్పుడు లొల్లి లొల్లి ఒర్రుతున్నయట.
ఒర్రి, ఆ ఒర్రుడు ఏడ తాకి మల్లిందో ఇని
చీకటిని తడుముతయట.
పురుగు దగ్గరికొచ్చేసరికి
కూతకూ కూతకూ నడుమ సందే ఉండదట.
కొన్ని పురుగులకు ఆ కూత ఇనవడుతదట,
ఇనంగనే రెక్కలు ముడిచి
రాయి లెక్క రాలి బతుకుతయట.
మేడం తల పైకెత్తింది, నేనూ ఎత్తిన.
ఇద్దరికీ ఏం ఇనవడలే.

మూడో కరెంటు స్తంభం కాడ
గీత లేశింది,
మొలవొద్దన్న చోట మొలక లెక్క.
అడుగు నుంచి రావాల్సిన జవాబు సన్నవడ్డది.
పట్టా మీద అరచెయ్యి పెట్టిన,
నున్నగ ఉంది, నా మొకం కనవడేటంత.
మేడం బండిని ఎనక్కు గుంజింది, ముందుకు, మళ్ల ఎనక్కు.
"నీళ్లు, కాకా."
పోసిన.
"ఇంకిన్ని."

ఎర్రరంగుతోటి గుర్తు పెట్టినం.
బిగింపు పట్టీలు వచ్చేదాక
జెండా పట్టుకొని నేను నిలవడ్డ.
తర్వాత ఢిల్లీ బండి
ముసలవ్వ మెట్లు దిగినట్టు మెల్లగ దిగింది.
తలుపు కాడ పిలగాడొకడు పండ్లు తోముకుంట
ఇంత లేటా అన్నట్టు నన్ను చూసిండు.

కోసిన పట్టాను ఇరిచి చూపెట్టిన్రు వారం తర్వాత.
తల లోపల, నల్లగ,
చిక్కుడు గింజంత మచ్చ.

మా సారక్క
దూరం నుంచి పిలుచుడు మానేసి రెండేండ్లు.
దగ్గరికొచ్చి, భుజం మీద తడిచెయ్యి పెట్టి
అప్పుడు మాట్లాడుతది.
అలవాటే అనుకున్న ఇన్నొద్దులు.
ఆ పొద్దు చెయ్యి పెట్టింది. అంగి తడిసింది.
"ఏం పని చేసినవ్ ఇయ్యాల?"
నీళ్లు పోసిన, అన్న.